పోయిన పన్ను చోట కొత్త పన్ను – ఇంప్లాంట్ గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

మన దంత విభాగానికి వచ్చేవారు ఒకప్పుడు రెండే మాటలు అడిగేవారు. పన్ను పీకేస్తారా, సెట్టు కట్టిస్తారా అని. ఈ మధ్య మూడో మాట కూడా తరచుగా వినిపిస్తోంది. "డాక్టరు సాబ్, గా స్క్రూ పళ్ళు పెట్టించుకుంటే బొక్కలు గూడ కొరకొచ్చంటగదా?" అని మంచాల వైపు నుంచి వచ్చిన పెద్దమనుషులు అడుగుతారు. "మా అత్తమ్మకు అన్ని పళ్ళూ ఇంప్లాంట్లే వేయాలన్నారు, లక్షల్లో చెప్పారు, వేయించమంటారా?" అని ఆదివారం ఆరాధన అయ్యాక కోడళ్ళు అడుగుతారు. ఇబ్రహీంపట్నం నుంచి ఎల్.బి. నగర్ దాకా సాగర్ రోడ్డు మీద బస్సులో వెళుతుంటే కనబడే దంత వైద్యశాలల బోర్డుల్లో ఇంప్లాంట్ అనే మాట ఎన్నిసార్లు చదువుతామో లెక్కలేదు.

ఇంప్లాంట్ మంచి చికిత్స. అందులో మాకు సందేహం లేదు. అయితే అవసరం లేనివారు అప్పు చేసి వేయించుకోవడం, నిజంగా దానివల్ల మేలు జరిగేవారు అది తమకు కాదనుకుని ఊరుకోవడం, ఈ రెండూ మేము చూస్తున్నాం. పన్ను పోయిన వెంటనే రావలసినవారు ఐదారేళ్ళ తర్వాత రావడమూ చూస్తున్నాం. అందుకే ఈ సంచికలో ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం. ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.

ఒక్క పన్ను పోతే ఏమవుతుంది?

"లోపలి పన్నే కదా, నవ్వితే కనబడదు" అని చాలామంది ఊరుకుంటారు. లోపలి దవడ పన్ను పోతేనే అసలు నష్టం ఎక్కువ. మనం తినే జొన్నరొట్టె, మక్కకంకి, మాంసం ముక్క నలిగేది అక్కడే. ఆ చోటు ఖాళీ అయితే పక్క పళ్ళు మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. పై దవడలో దానికి ఎదురుగా ఉన్న పన్ను, తనను ఆపేది లేక, కిందికి దిగుతుంది. ఒరిగిన పళ్ళ మధ్య తిన్నది ఇరుక్కుని అవీ పుచ్చుతాయి. నొప్పి లేదు కదా అని అన్నమంతా రెండో వైపే నమలడం అలవాటవుతుంది. కొన్నేళ్ళకు ఆ వైపు పళ్ళు కూడా అరిగి వస్తాయి.

బయటికి కనబడని నష్టం ఇంకొకటి ఉంది. దవడ ఎముక పంటి కోసమే అక్కడ ఉంటుంది. పన్ను వేరు తీసేశాక ఆ ఎముకకు పని లేదు, అది తరిగిపోవడం మొదలవుతుంది. పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగం దాకా తగ్గుతుంది. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. ఇంప్లాంట్ నిలబడేది ఈ ఎముకలోనే కనుక, ఎముక తరిగిపోయాక వస్తే పని కష్టం, ఖర్చు ఎక్కువ, కొన్నిసార్లు అసలు వీలు కాదు.

కాబట్టి పన్ను పీకించుకునే రోజే ఒక మాట అడగండి. "దీని చోట తర్వాత ఏం పెట్టించుకోవచ్చు?" అని. నొప్పి తగ్గి ఇంటికి పోవాలనే తొందరలో ఆ మాట ఎవరూ అడగరు. దానికన్నా ముందు అడగవలసిన మాట, "ఈ పన్ను నిలుపుకోవడానికి వీలుందా?" అన్నది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే నిలిచే పన్నును పీకేసి ఇంప్లాంట్ వేయించుకోవడం తెలివైన పని కాదు. దేవుడిచ్చిన వేరుకు సమానమైనది ఇంకా ఎవరూ తయారు చేయలేదు.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

పంటిలో మనకు కనబడేది పై భాగమే. దాని వేరు ఎముకలో ఉంటుంది. కట్టుడు పళ్ళయినా, బ్రిడ్జి అయినా పోయిన పై భాగాన్నే తెచ్చిపెడతాయి. ఇంప్లాంట్ వేరును కూడా తెచ్చిపెడుతుంది. టైటానియం అనే లోహంతో చేసిన చిన్న స్క్రూ అది. సాధారణంగా 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని దవడ ఎముకలో బిగిస్తారు. ఎముక దానికి పట్టుకున్నాక పైన ఒక చిన్న దిమ్మ అమర్చి, ఆ దిమ్మ మీద పింగాణీ పన్ను తొడుగుతారు. అంటే కింద స్క్రూ, మధ్యలో దిమ్మ, పైన పన్ను. ధర చెప్పేటప్పుడు ఈ మూడూ కలిపి చెబుతున్నారా, స్క్రూకు మాత్రమే చెబుతున్నారా అన్నది గుర్తుపెట్టుకుని అడగాలి.

ఎముక లోహాన్ని ఎలా పట్టుకుంటుంది అని మీకు అనుమానం రావచ్చు. స్వీడన్ దేశపు వైద్యుడు పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ గారికీ మొదట అది వింతగానే తోచింది. 1950ల తొలినాళ్ళలో ఆయన కుందేళ్ళ కాలి ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడడానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చారు. పరిశీలన అయ్యాక దాన్ని తీద్దామంటే రాలేదు. ఎముక దాని చుట్టూ పెరిగి గట్టిగా పట్టేసింది. ఇంకొకరైతే పరికరం పాడైపోయిందని విసుక్కునేవారేమో. ఆయన మాత్రం ఈ పట్టును పళ్ళ కోసం వాడుకోవచ్చు కదా అని ఆలోచించారు. ఏళ్ళ తరబడి జంతువుల మీద పరీక్షించి, 1965లో గోస్టా లార్సన్ అనే ఆయనకు కింది దవడలో మొదటిసారిగా టైటానియం ఇంప్లాంట్లు వేశారు. లార్సన్ గారికి పుట్టుకతోనే అంగిలి చీలి ఉంది, కింది దవడలో పళ్ళు లేవు, మాట్లాడడం, నమలడం రెండూ కష్టమే. 2006లో ఆయన చనిపోయేవరకు, అంటే 40 ఏళ్ళకు పైగా, ఆ ఇంప్లాంట్లు ఆయనకు పనిచేశాయి.

అయినా తోటి వైద్యులు వెంటనే ఒప్పుకోలేదు. 1982లో కెనడాలోని టొరాంటోలో జరిగిన సమావేశంలో బ్రానెమార్క్ గారు తన రోగుల వివరాలు చూపించిన తర్వాతే ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆయన 2014లో కన్నుమూశారు. ఇప్పుడు జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగుల్లో, పదేళ్ళ తర్వాత చూస్తే నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచి ఉంటున్నాయి. "జాగ్రత్తగా ఎంపిక చేసిన" అన్న మాటను దయచేసి ఇంకోసారి చదవండి. బోర్డుల మీద ఆ మాట ఉండదు.

ఎలా వేస్తారు? ఎన్నాళ్ళు పడుతుంది?

ముందుగా నోరంతా పరీక్ష చేస్తారు. ఎక్స్‌రే తీస్తారు. ఎముక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉందో సరిగ్గా తెలుసుకోవడానికి చాలాసార్లు సి.బి.సి.టి. అనే స్కాన్ కూడా అవసరమవుతుంది. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం ఒకటి ఎముక లోపలి నుంచి పోతుంది. స్క్రూ దానికి తగిలితే పెదవి మొద్దుబారిపోవచ్చు. పై దవడ వెనుక భాగంలో ఎముకకు పైనే ముక్కుకు సంబంధించిన గాలి గది ఉంటుంది. ఈ రెండింటికీ ఎంత దూరం ఉందో చూడకుండా ఎముకలో రంధ్రం చేయకూడదు. అందుకే స్కాన్ ఖర్చు అనవసరం అనుకోకండి.

స్క్రూ వేసేది పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌తోనే. ఒక్క ఇంప్లాంట్‌కు సాధారణంగా గంట లోపే పడుతుంది. పన్ను పీకించుకున్నంత నొప్పి కూడా లేదని చాలామంది చెబుతారు. రెండు మూడు రోజులు వాపు, కొంచెం నొప్పి ఉంటాయి. వారం పది రోజులకు కుట్లు తీస్తారు.

ఆ తర్వాతే ఓపిక కావాలి. ఎముక స్క్రూను పట్టుకోవడానికి కింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో ఎముక మెత్తగా ఉంటుంది కనుక ఆరు నెలల దాకా ఆగుతారు. విత్తనం వేసి మర్నాడే తవ్వి చూడం కదా. కొందరిలో, ఎముక చాలా గట్టిగా ఉంటే, అదే రోజు తాత్కాలికంగా పన్ను తొడగడం కూడా జరుగుతుంది. అది అందరికీ కాదు. ఎముక బాగా తరిగినవారికి ముందుగా ఎముక పొడి వేసి పెంచవలసి వస్తే ఇంకో నాలుగైదు నెలలు కలుపుకోండి. ఇంట్లో పెండ్లి వచ్చే నెల ఉంది, ఆలోగా కావాలి అని వచ్చేవారికి మేము చెప్పేది, పెండ్లికి తీసి పెట్టుకునే పన్ను కట్టించుకోండి, ఇంప్లాంట్ సంగతి తర్వాత చూద్దాం అని.

షుగర్, బీడీ, గుట్కా

ఇంప్లాంట్ వేయడం దంత వైద్యుని పని. నిలబెట్టుకోవడం సగం రోగి పని. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది కానీ చెప్పక తప్పదు.

షుగర్ ఉన్నవారికి ఇంప్లాంట్ వేయకూడదని ఎక్కడా లేదు. అదుపులో ఉంటే వేయవచ్చు. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష 7 దగ్గర్లో ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్ళవచ్చు. 8 దాటితే సాధారణంగా ముందు షుగర్ సంగతి చూసుకుని రమ్మంటారు. షుగర్ ఎక్కువ ఉన్న శరీరంలో గాయం మానడం ఆలస్యం, చీము పట్టడం తొందర. పొద్దున ఏమీ తినకుండా చేయించిన ఒక్క రక్తపరీక్ష బాగుందని సంతోషపడితే చాలదు. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు అన్నం మానేసి షుగర్ తగ్గించుకుని వచ్చేవారు ఉన్నారు. మమ్మల్ని మోసం చేయవచ్చు, ఎముకను మోసం చేయలేరు.

బీడీ, సిగరెట్టు తాగేవారిలో ఇంప్లాంట్ ఊడిపోయే ప్రమాదం తాగనివారితో పోలిస్తే సుమారు రెట్టింపు. పొగాకులోని నికోటిన్ చిగుళ్ళకు, ఎముకకు పోయే సన్నని రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. రక్తం అందని ఎముక స్క్రూను పట్టుకోలేదు. గుట్కా, జర్దా, తంబాకు నమిలేవారిలో చిగుళ్ళు దెబ్బతిని పళ్ళు వదులై పోవడం మనకు తెలిసిందే. సొంత పళ్ళను నిలబెట్టుకోలేని చిగుళ్ళు కొత్త పన్నును ఎలా నిలబెడతాయి? గుట్కా నమిలేవారిలో నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కూడా చూస్తాం. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే ఇంప్లాంట్ మాట పక్కన పెట్టి వెంటనే నోటి పరీక్ష చేయించుకోండి. అది నోటి క్యాన్సర్‌కు దారితీయగల స్థితి.

వయసు మళ్ళిన ఆడవారిలో కొందరికి నస్యంతో పళ్ళు తోముకునే అలవాటు ఉంది. అది పళ్ళపొడి కాదు, పొగాకే. కోడళ్ళు డాక్టరు ముందు ఆ మాట చెప్పడానికి సంకోచిస్తారు. చెప్పండి, మేము ఎవరినీ తిట్టం. ఇంప్లాంట్‌కు కనీసం కొన్ని వారాల ముందు నుంచి, ఎముక పట్టుకునేదాకా పొగాకు పూర్తిగా మానాలి. అన్ని నెలలు మానినవారు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాలి అన్నది మా ప్రశ్న.

మరికొన్ని సంగతులు దాచకుండా చెప్పాలి. ఎముకలు గుల్లబారినందుకు వారానికొకసారి వేసుకునే మాత్రలు, ఏడాదికొకసారి చేయించుకునే ఇంజెక్షన్లు కొన్ని ఉన్నాయి. క్యాన్సర్ ఎముకలకు పాకినవారికి కూడా అలాంటి ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి వాడినవారిలో దవడ ఎముక గాయం మానకుండా కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. ముఖానికి, మెడకు కరెంటు చికిత్స, అంటే రేడియేషన్ తీసుకున్నవారు, గుండె కవాటం మార్పించుకున్నవారు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి. ఆ మాత్రలు మీ అంతట మీరు మానేయవద్దు. పదహారేళ్ళ పిల్లవాడు క్రికెట్ ఆడుతూ ముందు పన్ను పోగొట్టుకుంటే తల్లిదండ్రులు వెంటనే ఇంప్లాంట్ అడుగుతారు. దవడ పెరుగుదల పూర్తయ్యేదాకా ఆగాలి. పెరిగే దవడలో స్క్రూ కదలదు, చుట్టూ ఉన్న పళ్ళు మాత్రం కదులుతాయి. కొన్నేళ్ళకు ఆ పన్ను పొట్టిగా, లోపలికి పోయినట్టు కనబడుతుంది.

గారపళ్ళు పీకించుకోకండి

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. మనకు పక్కనే ఉన్న నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, చండూరు, మునుగోడు పేర్లు ఫ్లోరైడ్ వల్ల దేశమంతా తెలిసినవే. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడిపోయింది. మన ఆసుపత్రికి ఆ మండలాల నుంచి, అటువైపు నుంచి మన ఊళ్ళకు కోడళ్ళుగా వచ్చినవారి కుటుంబాల నుంచి చాలామంది వస్తారు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మించకుండా ఉంటే మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదు. బోరునీళ్ళలో అంతకన్నా ఎక్కువ ఉన్న ఊళ్ళలో పెరిగిన పిల్లలకు, పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, పసుపు, గోధుమ రంగు మరకలు పడతాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ ప్రమాదం తగ్గింది. అప్పటికే పెరిగినవారి మరకలు మాత్రం ఎంత తోమినా పోవు.

సంబంధాలు చూస్తున్న వయసు ఆడపిల్లలు, ఉద్యోగపు ఇంటర్వ్యూలకు వెళ్ళే అబ్బాయిలు ఈ మరకల వల్ల ఎంత కుంగిపోతారో మేము చూస్తున్నాం. నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకునే పిల్లలు మన సంఘంలోనూ ఉన్నారు. అలాంటివారు "ముందు పళ్ళు నాలుగూ తీసేసి స్క్రూ పళ్ళు వేయండి" అని అడుగుతారు. ఆ పని చేయించుకోకండి. మరక పంటి పై పొరలోనే ఉంటుంది, చాలామందిలో వేరు చక్కగా ఉంటుంది. తేలికపాటి మరకలకు పై పొరను సున్నితంగా అరగదీసి బ్లీచింగ్ చేస్తారు. ముదురు మరకలకు పంటి రంగు మందుతో పైపూత వేస్తారు లేదా పలుచని పింగాణీ పొర అతికిస్తారు. పై పొర గుంటలు పడి రాలిపోతుంటే క్యాప్ వేస్తారు. ఇవన్నీ పన్నును ఉంచుకుని చేసేవే. ఆరోగ్యంగా ఉన్న వేరును రంగు కోసం పీకేయమని ఎవరైనా సలహా ఇస్తే, ఇంకొక దంత వైద్యుణ్ణి అడగకుండా ఒప్పుకోవద్దు.

ఇక ఫ్లోరైడ్ వల్ల నడుము, మెడ వంగిపోయి, ఎముకలదాకా జబ్బు ముదిరినవారు నిజంగానే పళ్ళు పోగొట్టుకుంటే, ఆ సంగతి ముందే చెప్పి, ఎముక పరీక్ష పూర్తిగా చేయించుకుని నిర్ణయించుకోవాలి.

ఇంప్లాంట్ ఒక్కటే దారి కాదు

ఒక పన్ను పోయి, దానికి రెండు వైపులా ఉన్న పళ్ళకు ఇప్పటికే క్యాప్‌లు అవసరమైతే, బ్రిడ్జి మంచి దారి. రెండు మూడు వారాల్లో పని అయిపోతుంది. పక్క పళ్ళు బాగుంటే మాత్రం వాటిని చెక్కవలసి రావడం నష్టమే. అక్కడ ఇంప్లాంట్ మేలు. ఎక్కువ పళ్ళు పోయినవారికి తీసి పెట్టుకునే సెట్టు అందరికన్నా తక్కువ ఖర్చులో అవుతుంది. సెట్టు అంటే చులకనగా చూడవద్దు. కొలత బాగా తీసి కట్టిన సెట్టుతో సంవత్సరాల తరబడి హాయిగా తిన్నవారు ఉన్నారు.

అయితే మొత్తం పళ్ళు పోయిన పెద్దవారి సంగతి వేరు. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ ఆధారం లేదు. మధ్యలో నాలుక, పక్కల బుగ్గలు, ఎప్పుడూ దాన్ని కదిలిస్తూనే ఉంటాయి. ఎముక తరిగేకొద్దీ అది ఇంకా ఎగురుతుంది. మన అవ్వలు కింది సెట్టును డబ్బాలో పెట్టి, పండుగకు, ఫోటోకు మాత్రమే తీసి పెట్టుకోవడం అందుకే. ముద్దపప్పు, పాలలో నానబెట్టిన రొట్టె, చారన్నం, వీటితోనే రోజులు గడిపేస్తారు. కూరగాయలు, పల్లీలు, మాంసం తగ్గిపోతాయి, నీరసం వస్తుంది, "వయసైపోయింది" అనుకుంటాం. ఆరాధనలో పాట పాడుతుంటే సెట్టు జారుతుందని పెదవులు మాత్రమే కదిలించే పెద్దవారు కూడా ఉన్నారు. ఇంట్లో విందుకు అందరి మధ్య కూర్చోకుండా తర్వాత తింటానని వంటగదిలో ఆగిపోయే తల్లులు ఉన్నారు. పళ్ళ సంగతి అని వారు ఎవరికీ చెప్పరు.

ఇలాంటివారికి అన్ని పళ్ళకూ ఇంప్లాంట్లు అక్కర్లేదు. కింది దవడ ముందు భాగంలో రెండే ఇంప్లాంట్లు వేసి, సెట్టు వాటి మీద గుండీ పట్టినట్టు పట్టేలా చేయవచ్చు. రాత్రి తీసి కడుక్కోవచ్చు, పొద్దున నొక్కితే టక్కున కూర్చుంటుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు సమావేశమై, పళ్ళన్నీ పోయిన కింది దవడకు ఈ రెండు ఇంప్లాంట్ల సెట్టే మొదట ఆలోచించవలసిన చికిత్స అని అభిప్రాయం ప్రకటించారు. దవడ ముందు భాగంలో ఎముక సాధారణంగా ముసలితనంలో కూడా కొంత మిగిలే ఉంటుంది, పెదవి నరం కూడా అక్కడికి దూరం. డెబ్బై ఏళ్ళ వయసు దీనికి అడ్డం కాదు. ఇంప్లాంట్ మీద పెట్టే డబ్బుకు అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇక్కడే అని మా అభిప్రాయం. పైన అడిగిన కోడలికి కూడా మా జవాబు ఇదే. అత్తమ్మకు లక్షల పని వద్దు, ముందు ఈ రెండు ఇంప్లాంట్ల మాట అడగండి.

ఖర్చు, ఎక్కడికి వెళ్ళాలి

గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని లెక్క చూసుకోవడం గురించి ప్రభువు చెప్పిన ఉపమానం సంఘంలో అందరికీ తెలిసిందే. ఇక్కడా అదే చేయండి. ప్రైవేటు వైద్యశాలల్లో ఒక ఇంప్లాంట్, దాని మీద పన్నుతో కలిపి, ఇరవై వేల రూపాయల పైన మొదలై కంపెనీని బట్టి యాభై వేలు దాటుతుంది. ఎముక పెంచవలసి వస్తే ఇంకా పైకి పోతుంది. స్క్రూ వేయించుకుని, పైపన్నుకు డబ్బు లేక ఏడాది పాటు అలాగే వదిలేసినవారు ఉన్నారు. మొత్తం ఖర్చు, ఎన్నిసార్లు రావాలి, ఒకవేళ ఊడిపోతే ఎవరు భరించాలి, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఒక పంటి కోసం వడ్డీకి అప్పు తేవద్దు, గొలుసు తాకట్టు పెట్టవద్దు. ఆగినందుకు కొంత ఎముక పోతుంది, నిజమే. ఈలోగా సెట్టు పన్ను పెట్టుకుని, చిట్టీ వేసుకుని డబ్బు కూడబెట్టుకున్నాక వేయించుకున్నా తప్పు లేదు.

ఖర్చు తగ్గాలంటే దంత కళాశాలల్లో అడగవచ్చు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. మన దారిలోనే దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు దంత కళాశాల ఉంది. కళాశాలల్లో పై చదువు చదువుతున్న డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పని చేస్తారు. ఎక్కువసార్లు వెళ్ళవలసి వస్తుంది, బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి పోవడం లెక్కలో వేసుకోండి. కృత్రిమ దంతాల విభాగం ఎక్కడ అని అడిగి, ఇంప్లాంట్‌కు అక్కడ ఎంత అవుతుందో తెలుసుకుని రండి.

ఎక్కడికి వెళ్ళినా డాక్టరు గారి రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద ఉందా చూడండి. చట్టం ప్రకారం రిజిస్టరు అయినవారే పళ్ళ వైద్యం చేయాలి. పనిముట్లు ఎలా శుభ్రం చేస్తారో అడగడానికి మొహమాటపడకండి. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఒక్కరోజే 34 మందికి చేస్తే, ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్‌తో నలుగురు తల్లులు మనకు దూరమయ్యారు. ఆ కుటుంబాల దుఃఖం ఈ ఊరు మరచిపోలేదు. చిన్న ఆపరేషన్ అనేది లేదు. ప్రతి రోగికీ వేడి ఆవిరిలో శుద్ధి చేసి మూసిన కవరు విప్పి పనిముట్లు తీయాలి. ఇంప్లాంట్ కూడా సీలు వేసిన డబ్బాలోనే రావాలి. ఆ డబ్బా మీది కంపెనీ పేరు, సైజు, నంబరు ఉన్న చీటీని మీ కార్డుకు అతికించి ఇమ్మనండి. పదేళ్ళ తర్వాత దిమ్మ వదులైతే, ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ చీటీ చూపిస్తేనే సరైన పానా దొరుకుతుంది. ఆ కార్డును ఆధార్ కార్డు దాచినట్టు దాచుకోండి.

వేయించుకున్న తర్వాత

ఇంప్లాంట్ పుచ్చదు. అది లోహం, పింగాణీ. చుట్టూ ఉన్న చిగురు, ఎముక మాత్రం మనవే. సొంత పంటికి, ఎముకకు మధ్య మెత్తటి పొర ఒకటి ఉంటుంది. దానివల్ల నొప్పి, ఒత్తిడి వెంటనే తెలుస్తాయి. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. కాబట్టి చిగురు లోపల చీము పట్టి ఎముక తరిగిపోతున్నా చాలాకాలం నొప్పి ఉండదు. తోమేటప్పుడు రక్తం రావడం, చిగురు ఎర్రగా ఉబ్బడం, నోటి వాసన, నొక్కితే చీము, ఇవే గుర్తులు. ఇవి కనబడితే ఆ వారంలోనే రావాలి. పన్ను కదలడం మొదలయ్యాక వస్తే చేయగలిగేది తక్కువ.

రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోమండి. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు వేయకండి. పంటికి పంటికి మధ్య పట్టే సన్నని బ్రష్ మందుల షాపుల్లో దొరుకుతుంది, రాత్రిపూట దానితో శుభ్రం చేసుకోవాలి. వేపపుల్లతో చిగురును పొడవవద్దు. రెండు ఇంప్లాంట్ల సెట్టు ఉన్నవారు రాత్రి సెట్టు తీసి నీళ్ళలో వేసి, నోట్లో మిగిలిన గుండీల చుట్టూ తోముకోవాలి. ఆ గుండీలలోని రబ్బరు కొంతకాలానికి అరుగుతుంది, సెట్టు వదులవుతుంది. అది మార్పించుకోవడం చిన్న పని, సెట్టు పాడైందని డబ్బాలో పడేయకండి. నిద్రలో పళ్ళు నూరే అలవాటు ఉన్నవారికి రాత్రి పెట్టుకునే తొడుగు ఇస్తారు. ఇక ఆ మొదటి ప్రశ్నకు జవాబు: సొంత పంటితో చేయకూడని పని ఇంప్లాంట్‌తో కూడా చేయకూడదు. మాంసం తినండి, బొక్కలు కొరకవద్దు, సోడా మూతలు తీయవద్దు.

ఆరు నెలలకొకసారి పరీక్షకు రావాలి, ఏడాదికొకసారి ఎక్స్‌రే తీయించాలి. మొదటిసారి సలహాకు వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ, ఈ మూడు నెలల్లో చేయించిన షుగర్ పరీక్ష కాగితం వెంట తెచ్చుకోండి. పెద్దవారితో పాటు ఇంట్లో ఒకరు రండి. వాడుతున్న సెట్టును ఇంట్లో మరచిపోకుండా, డబ్బాతో సహా తెండి.